కూర్మరాజు తొలియాట

జ్యేష్ఠమాసపు కడపటి దినమున అపరాహ్ణవేళ దివాణపు చావడిలో మూడు పాలెముల కాలువనీటి వంతు గంజీఫా యను పేకాటచే నిర్ణయింపబడెను. మృగశిర కార్తె గడచినను చినుకు రాలక కాలువ యడుగున నిసుక తేలి మిగిలిన నీరు ఒక్క పాలెపు నారుమళ్లకు మాత్రమే చాలియుండ, ముందు తడుపు ఎవరిదను వివాదము తగవరుల యెదుట తెగకపోగా, పాలెములవారందఱు సమ్మతించి తమ పెద్దలను ఆటకు పంపిరి.

ఎగువపాలెమునుండి గౌరునాయుడును నడిమిపాలెమునుండి పైడిశెట్టియు దిగువపాలెమునుండి తవిటినాయుడును వచ్చిరి. తవిటినాయుడు గౌరునాయుని చెల్లెలి మగడు. ఇంటనున్న విత్తనపు ధాన్యమంతయు నతడు నారు పోసియుండెను. ఆ నారు ఎండినచో మఱల పోయుటకు గింజ లేదు.

ముక్కలు దివాణపు ముసలమ్మగారైన చెల్లాయమ్మవి. గుండ్రని యా ముక్కలపై దశావతారములు చిత్రింపబడియుండెను. పగలు రామరాజు ముక్క వచ్చినవాడును, రాత్రి కృష్ణరాజు ముక్క వచ్చినవాడును, పగటివేళ వాన కురిసినచో కూర్మరాజు ముక్క వచ్చినవాడును ముందాడవలెనని యా యింటి కట్టడి. ముందాడువాడు తన పెద్దముక్కలను వరుసగా దింపి గెలుచుకొనుచుండ తక్కినవారు తమ ముక్కలను పాఱవేయుచుందురు గావున, తొలియాట దొరికినవాడు ఓడుట ఆ చావడిలో అరుదు.

చెల్లాయమ్మ ముక్కలు పంచెను. రామరాజు గౌరునాయునికి వచ్చెను. కూర్మరాజు తవిటినాయునికి వచ్చెను. పడమట మబ్బు పట్టియుండెను గాని నేల పొడిగా నుండెను.

“ఏటి బావా, ముక్కలలా గుండెకి అదుముకున్నావు? ఊపిరాడక చస్తాయి,” అని గౌరునాయుడు పరిహసించెను.

“నువ్వాడు. నా ముక్కల సంగతి నీకెందుకు?” అని తవిటినాయుడనెను.

గౌరునాయుడు రామరాజును పైకెత్తెను. అంతలో పెంకులపై చినుకుల చప్పుడు వినబడెను.

“అమ్మగారూ, వాన. తొలియాట నాది,” అని తవిటినాయుడనెను.

“నాలుగు చినుకులు రాలితే వానేటి? నేను ముక్క ఎత్తేసాను,” అని గౌరునాయుడనెను.

“ఎత్తావు, దింపలేదు గదరా గౌరూ. చూరు కారితే వాన. కారకపోతే నీ రాముడే ముందు,” అని చెల్లాయమ్మ తీర్పు చెప్పెను.

“నాకా రెండూ రాలేదు. తేలేదాకా నేను వక్క నముల్తాను,” అని పైడిశెట్టి గోడకు చేరగిలబడెను.

నలుగురును చూరువంక చూచుచుండిరి. చినుకులు ఆగెను. గౌరునాయుడు నవ్వి చేయి చాపెను. ముక్క చాపను తాకకమునుపే వాన మఱల నందుకొని పెంకులమీద పాఱగా, చూరు చివర మొదటి బొట్టు వ్రేలాడి తెగి అరుగుపై బడెను. దానివెంట ధార కట్టెను.

“దింపరా తవిటీ,” అని చెల్లాయమ్మ యనెను.

తవిటినాయుడు కూర్మరాజును దింపెను. దీపములు పెట్టువేళకు ఆట ముగిసెను. తవిటినాయుడు గెలిచెను.

“పోనీలే బావా, నారు బతికించుకో. మా చెల్లి మూట కట్టుకుని నా గుమ్మంలోకొస్తే దాని నోటికి నేను తట్టుకోలేను,” అని గౌరునాయుడు లేచెను.

తవిటినాయుడు నవ్వెను. ముక్కలను పెట్టెలో సర్దుచు కూర్చుండెను.

ఆ రాత్రి యంతయు వాన కురిసెను. తెల్లవారి కాలువ తూము తలుపు తీయుటకై బయలుదేరిన తవిటినాయుడు దారిలో నిలిచి, తన నారుమడి గట్టు తెగగొట్టి, ఎక్కువైన నీటిని బయటికి విడిచెను. తూము తలుపును ఆ పక్షమంతయు ఎవరును తీయలేదు.