డాక్టరమ్మ కోటు జేబు

చావడానికని వచ్చి చావకుండా కూర్చున్న మనిషిని ఏమని పిలవాలో ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. అందుకని అందరూ ఆయన్ని టైలరుగారు అనేవారు. ఊళ్ళో ఆయన పేరు ఎప్పుడూ అదే మరి.

ఆ ఇల్లు ఒక హాస్పిస్. ఇక నయం కాదని ఆసుపత్రులు చేతులెత్తేసిన వాళ్ళని చివరిదాకా నొప్పి తెలియకుండా చూసుకునే చోటు. టైలరుగారు గుండెజబ్బుతో స్ట్రెచరు మీద వచ్చారు. నాలుగు రోజులన్నారు. వేళకి మందూ, వేళకి తిండీ దొరికి, కుట్టుమిషను తొక్కే పని తప్పేసరికి గుండె మనసు మార్చుకుంది. ఈలోగా ఆయన భార్యకి కడుపులో రాచపుండు ముదిరి ఆవిడా అక్కడికే చేరింది. సిస్టరు ఇద్దరికీ ఒకే గది ఇచ్చి, మంచాల మధ్య తెర కట్టింది. తెర కిందనుంచి చెయ్యి చాపితే ఆవిడ చెయ్యి అందేది. ఆవిడకి మాత్రం ఆ మంచమే ఆఖరిదని ఇద్దరికీ తెలుసు.

ఇలా ఉండగా టైలరుగారికి ఆరోగ్యమే ముంచుకొచ్చింది.

కొన్ని హాస్పిస్‌లు దుక్కల్లాంటి మనుషుల్ని మంచాలెక్కించి, పోయేవాళ్ళంటూ చూపించి, ప్రభుత్వం సొమ్ము మింగాయని పేపర్లో పడింది. "వెధవల్ని జైల్లో వెయ్యాలి!" అని టైలరుగారు మంచం మీదే ఎగిరిపడ్డారు. మర్నాడు కొత్త రూళ్ళు వచ్చాయి. ప్రభుత్వ డాక్టర్లు వచ్చి ప్రతి మంచాన్నీ చూస్తారట. జబ్బు తగ్గినవాళ్ళని ఇంటికి పంపేస్తారట. అక్కడిదాకా చదివి, మిగతాది చదవకుండానే పేపరు మడిచేసి, ఆయన దుప్పటి ముసుగుతన్ని పడుకున్నారు. ఇల్లంటే షాపు వెనక గది. తెర కిందనుంచి చెయ్యి చాపితే ఎవరుంటారు అక్కడ?

"టైలరుగారూ, నేను అబద్ధం చెప్పను," అంది సిస్టరు, ఆయన ఎత్తు ముందే పసిగట్టి.

"చెప్పమన్నానా తల్లీ? నోరు మూసుకుని ఉంటే చాలు."

"నా నోటికేం? మీ నోరు జాగ్రత్త."

అప్పట్నుంచి టైలరుగారు రోగం నటించడం మొదలుపెట్టారు. మూలిగారు. గోడ పట్టుకుని నడిచారు. అన్నిటికన్నా కష్టమైంది కంచంలో సగం వదిలెయ్యడం. భార్యకి కూడా నిజం చెప్పలేదు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. వచ్చిన డాక్టరుకి ఆవిడే సంబరంగా చెప్పేస్తుంది.

"ఏమండీ, ఎలా ఉంది?" అని తెర అవతల్నుంచి ఆవిడ అడిగితే, "ఏదోలేవోయ్, ఉన్నాను," అనేవారు నీరసంగా. ఆవిడ తెర కిందనుంచి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకునేది.

తనిఖీకి డాక్టరమ్మ రానే వచ్చింది. చిన్నవయసు, నెమ్మదైన మనిషి. టైలరుగారు కళ్ళు అరమూసి, ఒకదాని తర్వాత ఒకటి మూలుగులు వదిలారు. ఆవిడ స్టెతస్కోపు పెట్టడానికి వంగింది. తెల్లకోటు జేబు సరిగ్గా ఆయన ముక్కు ముందుకొచ్చింది.

జేబు ఒక మూల ఊడిపోయింది. ఊడితే ఊడింది, దాన్ని ఎవరో నల్లదారంతో వేలెడేసి కుట్లు వేసి తగిలించారు. టైలరుగారు కళ్ళు గట్టిగా మూసుకున్నారు. మళ్ళీ తెరిచారు. ఇంకో మూలుగు మూలుగుదామనుకున్నారు గానీ నోరు మాట వినలేదు.

"ఎవరమ్మా ఈ ఘోరం చేసింది?"

"నేనే," అంది డాక్టరమ్మ చిన్నబోయి. "పొద్దున హడావిడిలో..."

"ఇలా రా."

దిండు కింద సూదీదారం డబ్బా తీసి, మంచం దిగి, కోటు అంచు పట్టుకుని ఆ పిల్లని కిటికీ వెలుతురులోకి నడిపించారు. కళ్ళజోడు లేకుండానే సూదిలో దారం ఎక్కించారు. జేబు బరువు మోసేదనీ, మూల దగ్గర తిప్పి కుట్టకపోతే నిలవదనీ, ఆయాసం మాటే లేకుండా పాఠం చెప్పారు. తలుపు దగ్గర సిస్టరు నెత్తిన చెయ్యి పెట్టుకుంది. దారం పంటితో తెంపాక గానీ తను ఎక్కడ నిలబడ్డారో ఆయనకి తెలిసిరాలేదు.

"తాతగారూ," అంది డాక్టరమ్మ మెల్లగా, "మీ గుండె కుదుటపడింది. ఈ మంచం ఇక మీకు అక్కర్లేదు. దీనికోసం ఒకాయన ఇంటి దగ్గర నొప్పితో ఎదురుచూస్తున్నాడు."

టైలరుగారు గబగబా మళ్ళీ మంచమెక్కేశారు. "మా ఆవిడ ఆ పక్కనే ఉందమ్మా. నన్ను పంపకండి. నాకు జబ్బే, రాసుకోండి. చచ్చిపోతాను, నా మాట నమ్మండి!"

తెర వెనక ఎవరో వెక్కుతున్నారు. సిస్టరు గబుక్కున తెర లాగింది. టైలరుగారి భార్య ఏడుస్తోంది గానీ మొహం మాత్రం వెలిగిపోతోంది.

"అమ్మా, ఇందాకటి మాట ఇంకోసారి చెప్పవూ?"

"ఏ మాటమ్మా?"

"ఆయన గుండె సంగతి."

"బాగుందమ్మా. మీ ఆయన బాగున్నారు. ఇప్పట్లో ఏ భయమూ లేదు."

ఆవిడ భర్త వైపు తిరిగింది. "మీ మూలుగులు వింటూ ఎన్ని రాత్రులు నిద్రలేకుండా గడిపానో తెలుసా? నాకన్నా ముందు పోతారేమో, అది చూసి పోవాలేమోనని. ఇక్కడి మందులు అన్ని నొప్పులకీ పనిచేశాయి గానీ, దీనికి చెయ్యలేదండీ."

టైలరుగారికి తన మీద తనకే రోత పుట్టింది. ఆవిడ పక్కన ఉండాలని ఆరాటపడి, ఆవిడకి మిగిలిన కాస్త మనశ్శాంతినీ తనే లాగేసుకున్నారు.

"తాతగారూ, పేపర్లో రూళ్ళు చివరిదాకా చదవలేదా?" అంది డాక్టరమ్మ. "రోగి దగ్గర ఇంటిమనిషి ఒకరు రాత్రీ పగలూ ఉండొచ్చు. మంచం ఇవ్వరు, కుర్చీ ఇస్తారు."

టైలరుగారు తన దిండు తనే మోసుకొచ్చి, కుర్చీని భార్య మంచానికి ఆనించి వేసుకుని, ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

"ఇప్పుడు నిజం చెప్పండి," అంది ఆవిడ. "ఎలా ఉంది?"

ఆయన ఆవిడ చెవి దగ్గరికి వంగారు.

"ఆకలేస్తోందోయ్."

ఆవిడ కళ్ళు తుడుచుకుని, తను ముట్టని కంచం ఆయన వైపు జరిపింది. "తినండి. నేను చూస్తూ ఉంటాను."