గాజుకర్రలో చేతులు

గాజుకర్ర చేసే ముసలాయన్ని వీధిలో అందరూ మూగమేస్త్రి అనేవారు. ఆయన మూగవాడేమీ కాదు. పనిముట్టును పెట్టెలోంచి తీసినట్టు, అవసరమైతేనే మాట బయటికి తీసేవాడు, అంతే.

గాజుకర్ర అంటే వెలుతురు దూరే కర్ర. చెక్కను అట్ట మందాన రేకులుగా కోసి, మందునీళ్ళలో ఉడికిస్తే రంగంతా దిగిపోయి దూదిలా తెల్లబడుతుంది. ఆ రేకుల్ని దొంతరగా పేర్చి, గాలి లాగేసే డ్రమ్ములో పెట్టి రెసిన్ అనే జిగురు పట్టిస్తే, ఆరాక అవతలి మనిషి ఇవతలికి కనిపిస్తాడు. అది గాజులా పగిలి కాళ్ళలో గుచ్చుకోదు. ఎండ వేడిని లోపలికి రానివ్వదు. దానికోసం ఇసుక తవ్వి కొలిమిలో పొయ్యక్కర్లేదు, విరిగిన బల్లలూ పాత పెట్టెలూ చాలు. మేస్త్రికి ఒక్కటే పట్టుదల. రేకులు ఏ వరసలో కోశాడో ఆ వరసలోనే పేర్చాలి. వరస తప్పితే చెక్క చారలు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయనేవాడు.

ఇంట్లో ఆయనా, మనవరాలూ. కూతురు పోయింది. అల్లుడు ఓడ మీద పనివాడు, వెళితే ఏడాదికి గానీ రాడు. పిల్లకి దగ్గు పట్టుకుంది. మందునీళ్ళ ఆవిరి కొట్టం నిండి ఇంట్లోకి కూడా వచ్చేది. రాత్రిళ్ళు పిల్ల దగ్గి దగ్గి ఏడుస్తుంటే ముసలాయన గోడకి తిరిగి పడుకునేవాడు, నిద్ర మాత్రం పట్టేది కాదు.

అలాంటప్పుడు పిల్ల మేనత్త, అంటే అల్లుడి అక్క, కబురు పెట్టింది. పిల్లని తాను పెంచుకుంటానంది. అల్లుణ్ణి చిన్నప్పటినుంచీ పెంచింది కూడా ఆవిడే. బెణికిన కాళ్ళూ జారిన ఎముకలూ సరిచేయడం ఆవిడ వృత్తి. చేతులకి ఎప్పుడూ నూనే కాబట్టి ఊరంతా నూనెచేతి అత్త అనేవారు. ఎవరి ఎముకలైనా కుదిర్చే ఆవిడ చిటికెనవేలు మాత్రం ఎప్పుడో విరిగి, కుదరక, పక్కకి నిక్కి ఉండేది. దానిమీద అందరూ జోకులు వేసేవారు, ఆవిడ కూడా నవ్వేది.

ఓడెక్కే ముందు అల్లుణ్ణి అడిగితే, రోడ్డు వైపు చూస్తూ, "మీ ఇష్టం మావయ్యా," అన్నాడు. అల్లుడు ఎప్పుడూ అంతే. ఇంకో సంగతీ ఉంది. అతను తలుపేసిన గదిలో పడుకోడు. పెళ్ళైన కొత్తలో కూడా మంచం తెచ్చుకుని గుమ్మంలో వేసుకుంటే, ఇంటికి కాపలా కుక్క అక్కర్లేదని కూతురు నవ్వేది.

మేస్త్రి సరేనని మాటిచ్చాడు. పిల్ల దగ్గు తగ్గడమే ఆయనకి కావాలి.

పిల్ల ఉండబోయే గదికి కిటికీ కావాలని మేనత్త ఆ గది పాత తలుపునే బండిలో పంపింది. మంచి తేలిక చెక్క, రంగెప్పుడూ ఎరగనిది, ఒక్క పొట్టు కూడా పారేయొద్దని చెప్పి పంపింది. పాత చెక్కైతే ముందు పైతోలు, అంటే పై పొర, చిత్రిక పట్టి తీసేయాలి. ఎవరైనా అలాగే చేస్తారు. తలుపు మరీ పలచగా ఉంది, ఆవిడ మాట కూడా మనసులో ఉంది, మేస్త్రి తియ్యలేదు. నడిమి పలకని గది లోపలి వైపు తోలు నుంచి బయటి తోలు దాకా రేకులుగా కోసి, ఎప్పటిలాగే వరస తప్పకుండా పేర్చాడు.

డ్రమ్ములోంచి తీసినప్పుడు పలక మంచినీళ్ళలా ఉంది. గోడకి ఆనించి ఆరబెట్టాడు. మర్నాడు దానిలో మబ్బులు కనిపించాయి. నూనె ఇంకిన చోట రెసిన్ పట్టదు, ఆరేకొద్దీ తెల్లగా విడిపోతుంది. పైతోలు ఉంచిన పాపమే ఇది అని తనని తానే తిట్టుకున్నాడు.

సాయంత్రం ఎండ పలక వెనకనుంచి పడింది. పిల్ల దాని ముందు చతికిలబడి కూర్చుంది, కదల్లేదు.

"తాతా, దీన్లో ఎవరో ఉన్నారు," అంది.

మేస్త్రి చేతిలో పని పక్కన పెట్టి వచ్చాడు. మబ్బులు మబ్బుల్లా లేవు. అరచేతులు. చిన్నవి. ఒకదానిమీద ఒకటి, రేకులు రేకులుగా, అన్నీ వేళ్ళు విచ్చుకుని తోస్తున్న చేతులే. అడుగున ఉన్నవి మరీ చిన్నవి. పైకి వెళ్ళేకొద్దీ కాస్త కాస్త పెద్దవి. ఒకే పిల్లవాడు ఆ తలుపు వెనకే పెరిగినట్టు.

పిల్ల తన చెయ్యి అడుగు చేతికి ఆనించింది. అతికినట్టు సరిపోయింది. ముసలాయన ఆ చెయ్యి పట్టుకుని లాగేశాడు. ఎందుకు లాగాడో ఆయనకే తెలియలేదు.

పలకను తిప్పి చూశాడు. బయటి తోలు వైపు ఒకే ఒక్క చెయ్యి ఉంది. పెద్దది. ఎన్నేళ్ళు అదే చోట ఆనించారో, గీతలతో సహా దిగింది. చిటికెనవేలు పక్కకి నిక్కి ఉంది. వెలుతురులో చూస్తే ఆ చిన్న చేతులన్నీ దాన్నే తోస్తున్నట్టున్నాయి.

పిల్లని తీసుకెళ్ళడానికి మేనత్త వచ్చింది. పిల్లకి గౌను తెచ్చింది, దగ్గరికి తీసుకుని వీపు రాసింది. ఆ చేతుల్లో పిల్ల దగ్గు నిజంగానే నెమ్మదించింది. తర్వాత ఆవిడ పలక చూసింది. ఉలిక్కిపడలేదు. దగ్గరికెళ్ళి, పాత చెప్పులో కాలు పెట్టినట్టు, ఆ పెద్ద చేతిలో తన చెయ్యి పెట్టింది.

"గడియ ఊడిపోయింది మావయ్యగారూ ఆ తలుపుకి. చేయించే దిక్కెవరున్నారు? బయట నిలబడి నేనే పట్టుకునేదాన్ని."

"ఎందాకా?"

"ఏడుపు మానేదాకా." చెయ్యి తియ్యలేదు. "పొద్దున్నే తమ్ముడికి ఒళ్ళంతా నూనె రాసేదాన్ని. అవతల నుంచి వాడి చేతులు వెచ్చగా తెలిసేవి. వెచ్చదనం పోయిందంటే నిద్రపోయాడన్నమాట."

ఆవిడ మెత్తగా నవ్వింది.

"మనిషిని చేశాను. ఇవాళ్టికీ ఎవరికీ ఎదురు చెప్పడు, చూశారుగా. ఈ పిల్ల కూడా రాత్రిళ్ళు ఏడుస్తుందిటగా? ఇప్పుడు కొత్త తలుపు పెట్టించాలెండి. గడియ గట్టిది."

పిల్ల ఎప్పుడు వచ్చి తాత పంచె పట్టుకుందో ఎవరూ చూడలేదు.

"పిల్ల రాదమ్మా," అన్నాడు మేస్త్రి.

"మాటిచ్చారు."

"ఇచ్చాను."

ఈ కంపులో ఉంచితే పిల్ల బతుకుతుందా అని అడిగింది ఆవిడ. కోపంగా కాదు, నిజంగా బాధపడుతూనే అడిగింది. మేస్త్రి కొట్టంలోని డ్రమ్ముల వైపు చూశాడు. గౌను అక్కడే వదిలి, ఆవిడ గుమ్మం దాటింది. దాటుతూ వెనక్కి తిరిగి, పలక మీరే ఉంచుకోండి, దాన్లోంచి బయటికి సరిగ్గా కనపడదు అంది.

ఆ రోజే మేస్త్రి మందునీళ్ళ డ్రమ్ములన్నీ ఈడ్చుకుంటూ వీధి చివర ఖాళీ షెడ్డుకి చేర్చాడు. నడుం పట్టేసింది. పట్టిన నడుముకి ఎవరి దగ్గరికి వెళ్ళాలో గుర్తొచ్చి, అటు వెళ్ళకుండా అలాగే వంగి ఇంటికి నడిచాడు.

కొన్నాళ్ళకి ఓడ నుంచి అల్లుడు ఫోన్ చేశాడు. పిల్ల తన దగ్గరే ఉంటుందని మేస్త్రి చెప్పాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు, తలుపు ఊసే ఎత్తలేదు. అవతల సముద్రం హోరుమంటోంది.

"ఆ తలుపు ఎక్కడుంది మావయ్యా?" అన్నాడు అల్లుడు.

"కోసేశాను."

"మొత్తమా?"

ముసలాయన పలక వైపు చూశాడు. ఎండ దిగుతోంది. చిన్న చేతులు ఒక్కొక్కటే తెల్లగా లేస్తున్నాయి. పిల్ల వాటి పక్కనే ఆడుకుంటోంది, చాలా రోజులకి దగ్గు లేకుండా.

"మొత్తం," అన్నాడు. "ఇప్పుడు దాన్లోంచి వెలుతురొస్తోంది."