సేటు లారీ నంబరు

లోపల ఏసీ ఉంటాది గదా, హరీషు చొక్కాకు చెమటెట్ల పడ్తాది, జీతాల రోజొస్తే ఆ ఏటీఎం గదిలోనే ఉంటాడు, ఆడోళ్ల కార్డులన్నీ రబ్బరుబ్యాండేసి పట్టుకొని, తామేమో ఈ నంద్యాల ఎండలో గోడ నీడకు కూచోవాల, అనుకుంటాంది ఇమాంబీ, విత్తనాల గోడౌన్లో గింజలేరీ ఏరీ గోర్లరిగిపాయె, కార్డులన్నిటికీ ఒకటే నంబరు, సేటు లారీ నంబరు, మీకు గుర్తుండదులే అక్కా అని మేస్త్రీ హరీషే పెట్టినాడు, గవర్మెంటు కూలి పెంచినాక సేటు పెంచిందంతా బ్యాంకులో ఏస్తాడు, కాయితం సక్కంగుంటాది, హరీషు తీసి పాత కూలే చేతిలో పెడ్తాడు, మిగిలింది మళ్లా సేటుకే, అడిగితే గోడౌను మూసేస్తారక్కా అంటాడు.

ఫోన్లో మెసేజి హీనా చదవకపోతే తెలిసేదా, అమ్మీ నీకింత పడిందంటనే, యాడుండాది, అని కూతురడిగినాది, ఊరుకోవే ఉన్న పని పోతాది అన్నాడు మొగుడు ఖాజా పీర్, ఆళ్లగడ్డ శిల్పాల షెడ్డులో రాతిదుమ్ము మింగిన దగ్గు దగ్గుతా, అయినా ఇమాంబీ ఊర్లో బ్యాంకుకు పోయినాది, కార్డు పోయిందప్పా అనింది, కొత్తదిచ్చి మీ నంబరు మీరే నొక్కండమ్మా అన్నారు, నొక్కబోతే ఏలు దానంతటదే లారీ నంబరు మీదికి పోయినాది, థూ, నా ఏలు గూడ సేటు మనిషే అయిపోయిందే, అని తుడిపేసి హీనా పుట్టిన సంవత్సరం నొక్కినాది.

ఇప్పుడు ఏటీఎం గదిలోంచి హరీషు బయటికొచ్చినాడు, ఇమాంబక్కా నీ కార్డు చెల్లడంల్యా, ఏం చేసినావ్, అందరూ తన పక్కే చూస్తాండారు, తెలీదప్పా అంటే సరిపాయె, రేపు గూడ పనుంటాది, అయినా కొత్తది నా దగ్గరుండాది అనేసినాది, అయితే ఇటియ్యి, ఇయ్యను, సేటుకేం చెప్పాల, లారీ నంబరు లారీకే పెట్టుకోమని చెప్పు, పక్కన కూచున్న గోవిందమ్మ కిసుక్కున నవ్వినాది, రేపట్నుంచి రావాకు మళ్ల అన్నాడు హరీషు, కొత్త కార్డు పట్టుకొని లేసి గాజు తలుపు తోసినాది, లోపల నిజంగానే చల్లగుండాది, వెనకమాల గోవిందమ్మ, అక్కా ఆ బ్యాంకులో ఏమని అడగాల అంటాంది, చెప్తాలేవే, రేపటి పని సేటిష్టం, ఇంతవరకు ఏరిన గింజలు మాత్రం ఈ చేతి ఏళ్లే ఏరినాయి.