లాభం, రెండు, మూడు

రండి రండి, దగ్గరకు జరగండి. ఆ వెనకున్నవాళ్ళు ముచ్చట్లు తర్వాత చెప్పుకోవచ్చు, ఫోన్లు జేబులో పెట్టండి, పల్లీలు తినేవాళ్ళు చప్పుడు కాకుండా నమలండి. చొప్పదండిలో హనుమండ్లు అప్పుడే బకెట్టు నీళ్ళతో కారు చుట్టూ తిరుగుతున్నాడు. ఆలస్యం చేస్తే కడగడం కాస్తా అయిపోతుంది.

కారంటే మామూలు కారు కాదు. తడి పసుపు ముద్దలా ఉంటుంది. నేలకు ఎంత దగ్గరగా ఉంటుందంటే దాని కింద నుంచి చీమ పోవాలన్నా తల వంచాల్సిందే. దాన్ని మొదటిసారి స్టార్టు చేసిన రోజు ఆ అదురుకు ఎక్కడో హుస్నాబాద్‌లో బర్రెలు పెరుగు ఇచ్చాయని చెప్పుకుంటారు. అది పచ్చి అబద్ధం. ఇచ్చింది మజ్జిగ. రామకిషన్‌రావు దొర కొడుకు ఉజ్వల్ ముచ్చటపడి హైదరాబాద్‌లో కొనుక్కొచ్చిన విదేశీ కారది. పందెపు గుర్రం లాంటిది.

హనుమండ్లు ఆ ఇంటి డ్రైవరు. పొట్టి మనిషి, ఖాకీ చొక్కా, మెడ చుట్టూ తువ్వాలు. ఎడమ అరచేతిలో గేరు రాడ్డు గుండు రుద్దీ రుద్దీ రూపాయి బిళ్ళంత కాయ కాసింది. క్లచ్చు తొక్కి తొక్కి ఎడమ మోకాలు అరిగింది. లేచినా కూర్చున్నా పచ్చి కట్టె విరిచినట్టు చప్పుడు చేస్తుంది. సోమవారం కరీంనగర్‌లో దానికి ఆపరేషన్. ఆ తర్వాత క్లచ్చు మీద కాలు పెట్టొద్దని డాక్టరు ఖండితంగా చెప్పాడు. అంటే బండి తోలడం ఈ రోజే ఆఖరు.

ఈ రోజే దొర బిడ్డ అలేఖ్య పెళ్ళి. చిన్నప్పుడు అతను రోజూ బడికి జీపులో దించిన పిల్ల. "అత్తగారింటికి నన్ను హనుమండ్లు కాకనే తోల్కపోవాలె, అన్న కారుల" అని షరతు పెట్టింది. అత్తగారిల్లు ఆసిఫాబాద్‌లో.

కారు తుడిచి, కాస్త నడిపి చూద్దామని హనుమండ్లు ఎక్కాడు. క్లచ్చు తొక్కి, "లాభం" అన్నాడు.

అతని మొదటి గేరు పేరు అది. వాళ్ళ బాపు కల్లాల్లో వడ్లు కొలిచేవాడు. మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా లాభం అని, తర్వాత రెండు, మూడు అని పాటలా లెక్కపెట్టేవాడు. కొడుకు వడ్లు వదిలి బండెక్కాడు గాని లెక్క వదల్లేదు. పైకి అనకుండా గేరు వెయ్యడం అతని వల్ల కాదు.

"రెండు" అని రాడ్డు గుంజాడు. రాడ్డు రెండుకు పోలేదు. లోపల ఎవరో చెయ్యి పట్టి ఈడ్చినట్టు పక్కకు జరిగి సీదా నాలుగులో పడింది. కారు గునిసి, దగ్గి, తులసికోట ముందు ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే.

ఉజ్వల్ పట్టు పంచె ఎత్తి పట్టుకుని పరుగున వచ్చాడు. "కంపెనోడే గట్ల జేసిండు కాకా. మెల్లగ పోతే రెండు, మూడు దాటేసి నాలుగుల పడ్తది. పెట్రోలు మిగులుతదని. నువ్వు గట్టిగ తొక్కు, మాట ఇంటది."

"పెండ్లిపిల్లను కూసుండవెట్టుకొని గట్టిగ తొక్కాల్నా?" హనుమండ్లుకు నిజంగానే కోపం వచ్చింది. "లాభమన్నంక రెండనాలె. నడుమ రెండు కుంచాలు మింగెటోన్ని మా బాపు కల్లం దిక్కు రానిచ్చెటోడు గాదు."

అరుగు మీద నుంచి ఇదంతా చూసిన దొర కిందికి దిగాడు. "హనుమండ్లూ, అప్పగింతల కాడ గిట్ల కుదేస్తే నా బిడ్డ నెత్తి అద్దానికి తాకుతది. కరీంనగర్ నుంచి ఇంకో డ్రైవర్‌ను పిలుస్త. నువ్వు అందరితోటి బస్సుల రా."

హనుమండ్లు తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. "పుస్తె కట్టే యాళ్లకు బండి దారికి రాకపోతే తాళం నేనే ఇస్త దొరా."

కొండల్‌ను పిలిచారు. దుబాయ్‌లో కార్ల షెడ్డులో పనిచేసి వచ్చి, బస్టాండు వెనక సొంత షెడ్డు పెట్టుకున్నాడు. కారును జాకీ మీద ఎత్తి, పెళ్ళివాళ్ళ జంపఖానా పరిచి, కిందికి దూరాడు.

"అయ్యో, గిదానికా గింత పరేషాన్! దుబాయ్ల గీ బండి కొన్నోడు ఇంటికి పోకముందే గీ వైరు పీకిస్తడు. గేరుబాక్సుల ఓ మేకు ఉంటది మామా. గదే అడ్డం లేసి నాలుగుకు నూకుతది. వైరు లేకుంటే మేకు లేవది."

పీకాడు. హనుమండ్లు చిటికేసి తాళం తిప్పాడు. అద్దం కింద పసుపుపచ్చ దీపం ఒకటి వెలిగి ఆరనంది.

"కొండలూ, నాకు కామెర్లొచ్చినయా, బండికొచ్చినయా?"

"బండికి ఎరుకైంది, దాని మేకును ఎవలో పట్టుకపోయిండ్రని. జర అబద్ధం చెప్పాలె దానికి. రేడియోలల్ల రంగు గీతలది చిన్న ముక్క ఉంటది సూడు, రెసిస్టర్. గది వైరు మూతికి పెడితే మేకు ఉన్నదే అనుకుంటది."

అటు సన్నాయి మొదలైంది. చొప్పదండిలో ఈ వేళప్పుడు రేడియో విప్పి ఇచ్చే మహానుభావుడెవరు? ఉజ్వల్ కళ్ళు మెల్లగా పందిరి పక్కన పాటతో మోగిపోతున్న డీజే డబ్బాల మీదికి పోయాయి. కొండల్ కళ్ళూ అటే పోయాయి. డీజే వాడు ఇడ్లీ తినడానికి పోయాడు.

ఇద్దరూ అటు పోయారు. పాట సగంలో కోడి మెడ పిసికినట్టు ఆగింది. "నా డబ్బా పానం తీసిండ్రుల్లా!" అని ఇడ్లీల దగ్గర నుంచి గావుకేక వినిపించింది. పంతులు మాత్రం కళ్ళు మూసుకుని దేవుడికి దండం పెట్టాడట, జీవితంలో మొదటిసారి తన మంత్రం తన చెవిన పడిందని.

డీజే డబ్బాలోంచి పీకిన ముక్కను కొండల్ వైరు మూతికి గుచ్చి, టేపు చుట్టి కారు కింద నుంచి బయటికి వచ్చాడు. దీపం ఆరిపోయింది. హనుమండ్లు గేటు దాటించి రైసుమిల్లు దారి పట్టాడు. పందిరిలో ఏం జరుగుతోందో, డీజే ఆగి ఊరంతా ఎంత నిశ్శబ్దంగా ఉందో అతనికి పట్టలేదు.

"లాభం!" అన్నాడు. మెల్లగా, తొట్టెల ఊపినంత మెల్లగా పోనిచ్చి, ఊపిరి బిగబట్టి రాడ్డు గుంజాడు. వెన్నలోకి వేలు దిగినట్టు దిగింది.

"రెండూ!" పొలాలు అదిరేలా అరిచాడు. కొంగలు లేచాయి. "మూడూ!" మైసమ్మ గుడి దాటింది. ఇక పట్టలేని సంబరంతో, "నాలుగూ!"

తిరిగి గేట్లోకి వచ్చేసరికి పందిరి మొత్తం అతని వైపే చూస్తోంది. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుంటున్నారు. పెళ్ళికొడుకు పుస్తె దారం కొనలు వేళ్ళతో పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. అలేఖ్య తల వంచుకునే ఉంది గాని భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"హనుమండ్లూ," అన్నాడు దొర, నవ్వాలో తిట్టాలో తెలియక, "పుస్తె ముళ్ళు నిన్నెవడు లెక్కవెట్టమన్నడయ్య? నువ్వు నాలుగంటే పిలగాడు నాలుగు ఏసిండు!"

"విప్పద్దు, విప్పద్దు," అన్నాడు పంతులు. "నాలుగోది లాభం అనుకోండ్రి."

దొర వచ్చి కారులో పక్క సీట్లో కూర్చున్నాడు. గేటు దాకా పోయి వచ్చారు. మోకాళ్ళ మీద పెట్టుకున్న దొర తలపాగా కదల్లేదు. దిగుతూ, "పైలంగ తీస్కపో, నా బిడ్డ" అన్నాడు. అంతే.

మధ్యాహ్నం అప్పగింతలయ్యాయి. పెళ్ళికొడుకు వెనక సీట్లో మోకాళ్ళు చెవులకు ఆనించుకుని ఇరుక్కున్నాడు. అలేఖ్య ముందు కూర్చుని వెక్కుతోంది. హనుమండ్లు క్లచ్చు తొక్కి పట్టుకున్నాడు. మోకాలు సూదులతో గుచ్చినట్టు ఉంది. అయినా గేరు వెయ్యలేదు.

"చెప్పు మల్ల బిడ్డా. జీపుల చెప్పేదానివి గద."

ముక్కు ఎగబీల్చి, అలేఖ్య నెమ్మదిగా అంది: "లాభం."

కారు కదిలింది. జనం వెనక్కు జరిగారు. "రెండు," అంది. "మూడు," అనేసరికి ఏడుపులో నవ్వు కలిసింది. ఒడిలోని వడిబియ్యం ఒక్క గింజ చిందలేదు.

ఆసిఫాబాద్ చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. హారతి ఇచ్చి పిల్లను లోపలికి తీసుకుపోయారు. హనుమండ్లు ఇంజిను ఆపాడు. గేరు గుండును తువ్వాలుతో తుడిచాడు. వెనక కారులో వచ్చిన ఉజ్వల్‌కు తాళం ఇచ్చాడు.

"వాపసు నువ్వే తోలు బాబు."

చుట్టూ తిరిగి వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాడు. అక్కడ ఎడమ కాలును ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు. దాన్ని ఒకసారి కింద అదిమి చూశాడు. ఉత్త నేల. ఉజ్వల్ స్టార్టు చేసి, గొంతు సవరించుకుని, "లాభం" అన్నాడు. హనుమండ్లు కిటికీ వైపు తిరిగాడు.

కిటికీలో పెళ్ళికొడుకు మేనత్త లీలాబాయి మొహం ఉంది. కథంతా అప్పుడే విని, ఉరుక్కుంటూ వచ్చింది. ఆ దిక్కు మాటల్లో మరాఠీ కలుస్తుంది, అన్నను భావూ అంటారు.

"ఆగు భావూ, ఆగు! గసోంటి ముక్క ఇంకోటి ఉంటే నాకియ్యరాదు? మా ముసలాయన మొదటి మాట నుంచి సీదా నాలుగో మాటకు, తిట్టుకే దుంకుతడు. యాడ గుచ్చాల్నో నేను జూసుకుంట!"