తత్తరపాటులో పుట్టిన మాట

తొంభై ఎనిమిదిలో ఒక ఆదివారం పొద్దున, రాయకోట దగ్గరి పల్లెలో ముత్తప్ప తన కొంప తానే ముంచుకున్నాననుకున్నాడు. ఇంటినిండా తట్టల్లో పట్టుపురుగులు. ఇంకో వారంలో గూళ్లు కడతాయి. పొగాకు పట్టిన చెయ్యి ఆకుకు తగిలితే చాలు, తిన్న పురుగు తల ఎత్తి కక్కుకుని చస్తుంది. ఆ ఊళ్లో ఇది చంటిపిల్లలకైనా తెలుసు. తెలిసీ ఈ మహానుభావుడు తోటలో పొగాకు నలిపి నోట్లో వేసుకుని, చెయ్యి కడగకుండా గంపెడు మల్బరీ ఆకు కోసుకొచ్చి గడపలో దించాడు. భార్య నళిని గంప ఎత్తుకుపోయింది. మీసం సవరించుకోబోతే అప్పుడు తెలిసింది అయ్యగారికి వేళ్ల వాసన.

సబ్బుతో మూడుసార్లు కడిగాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. నళినికి మాత్రం చెప్పకుండా దాచాడు. పోయిన పంట రోగానికి పోయింది. ఇదీ పోతే కూతురు పవిత్ర బడి మాని కూలికి పోవాలి.

ఆ పిల్లే నోటుపుస్తకం పట్టుకుని వచ్చింది.

"నాయనా, సంబరమనే మాట గురించి రాసుకు రమ్మన్నాడు జయరామప్ప సారు."

"సంబరం లేదు, గింబరం లేదు. పో పాపా."

"అర్థం సారే చెప్పినాడు. పట్టలేని సంతోషమంట. సంభ్రమమనే సంస్కృతం మాటలోంచి వచ్చిందంట. కన్నడమోళ్లు ఇప్పటికీ సంభ్రమ అనే అంటారు కదా. మొదట్లో దానికి తొందర, తత్తరపాటు, భయం అని అర్థమంట. భయంలోంచి సంతోషం ఎట్ల వచ్చిందో పెద్దోళ్లను అడగమన్నాడు."

"భయంలోంచి భయమే వస్తుంది. అదే రాసుకో."

మధ్యాహ్నమైనా ముత్తప్ప అన్నం ముట్టలేదు. తట్ట తట్టకూ వంగి చూస్తూ తిరిగాడు. చివరి తట్టలో ఒక పురుగు తల ఎత్తింది. పక్కన ఇంకోటి. అక్కడే కూలబడ్డాడు. లోపలికి వచ్చిన నళినితో ఇక దాచలేకపోయాడు.

"పొగాకు చేత్తో ఆకు కోసినాను. అన్నీ చస్తాయి."

"ఆ ఆకు వెయ్యలేదు," అంది నళిని. "గంప ఎత్తుతానే కంపు కొట్టింది. దిబ్బలో పోసి, నేనే పోయి వేరే ఆకు కోసుకొచ్చినాను. ఆకలైతే పురుగు తల ఎత్తదా?"

ముత్తప్ప లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. నవ్వబోతే ఏడుపొచ్చింది. చేతులు ఆగకుండా వణుకుతున్నాయి. పవిత్ర పరుగెత్తుకొచ్చింది.

"ఏమి నాయనా, భయమైందా?"

"లేదు పాపా. భయం పోయింది, వణుకు పోలేదు. మీ సారు చెప్పింది ఇదేనేమో. రాసుకో."

పిల్ల వెళ్లాక కళ్లు తుడుచుకుని భార్యవైపు కోపంగా చూశాడు.

"పొద్దున్నుంచి నా పానం పోతా ఉంటే, ఒక్క మాట చెప్పకూడదా?"

"నువ్వే చెప్తావేమోనని చూస్తా ఉన్నాను," అంది నళిని.