జ్లాతినా విప్పేసిన బిగింపు

ప్లోవ్‌దివ్ నగర ఆసుపత్రిలో ఛాతీ ఆపరేషన్ల గది అంటే మత్తు డాక్టర్లకు సగం గౌరవం, సగం గుండెదడ. జ్లాతినా అక్కడ ఒంటరిగా మత్తివ్వడం ఆ రోజే మొదలు. సర్జన్ పేయెవ్ మెచ్చితే ఆ గది ఆమెదే. లేదంటే మళ్లీ ఎముకల విభాగానికే. ఐదేళ్లుగా ఆమె కోరుకున్నది ఇదొక్కటే.

బల్ల మీద పక్కకు తిరిగి పడుకున్నది స్తమాత్ తాత, కొండల్లో పెళ్లిళ్లకు పాటలు పాడే మనిషి. ఎడమ ఊపిరితిత్తిలో గడ్డ. దాన్ని కోయడానికి ఆ వైపు గాలి ఆపేసి, కుడిదానితోనే ఊపిరి ఆడిస్తున్నారు.

కత్తి పడగానే బీపీ నూట తొంభైకి ఎగిసింది.

"అమ్మాయ్, నెత్తురు ఊటలా ఊరుతోంది. కాస్త దించుతావా, నన్ను ఈత నేర్చుకోమంటావా?" అన్నాడు పేయెవ్. ఆయన నోరు అంతే, చెయ్యి మాత్రం బంగారం.

జ్లాతినా బీపీ దించే నైట్రోగ్లిజరిన్ మందు మొదలుపెట్టింది. బీపీ దిగింది. పేయెవ్ కూనిరాగం అందుకున్నాడు. పది నిమిషాలు తిరక్కుండానే ఆక్సిజన్ కూడా దిగడం మొదలైంది. తొంభై ఏడు, తొంభై ఒకటి, ఎనభై ఆరు.

జ్లాతినా ఆక్సిజన్ పూర్తిగా పెంచి, గొంతులోంచి దించిన ఊపిరి గొట్టం జరిగిందేమోనని లోపలికి కెమెరా దించి చూసింది. గొట్టం ఉన్నచోటే ఉంది.

అప్పుడు తట్టింది. గాలి అందని ఊపిరితిత్తి తన రక్తనాళాలను తానే బిగించుకుంటుంది. నెత్తురు దండగపోకుండా, పనిచేసే రెండోదానికి మళ్లుతుంది. ఒంటికి అంత తెలివుంది. నాళాలను వదులుచేసే మందిచ్చి ఆ బిగింపును తనే విప్పేసింది. అసలు బీపీ పెరిగింది నొప్పికి. నొప్పిని వదిలేసి అంకెను పట్టుకుంది, పిచ్చిమొద్దు.

ఆ మందు ఆపి, నొప్పికి మందిచ్చింది. బీపీ నిలకడగా ఉంది. ఆక్సిజన్ మెల్లగా తొంభై ఆరుకు చేరింది. సాయంత్రానికి తాత కళ్లు తెరిచి ఆకలన్నాడు.

టీ గదిలో ఒక నల్లబల్ల ఉంది. ఆపరేషన్లో తప్పు చేసినవాళ్లు తమ చేత్తోనే దానిమీద రాయాలి. పేయెవ్ సుద్దముక్క అందుకున్నాడు.

"శ్వాసనాళం దగ్గర నేను గట్టిగా లాగాను. నీ గొట్టం జరిగుంటుంది. నా పేరే రాసేస్తా."

ఊరుకుంటే చాలు, గండం గడిచినట్టే. ఎముకల విభాగం వాసన ఇక చూడక్కర్లేదు. జ్లాతినాకు నిజంగానే ఊరుకోవాలనిపించింది.

"గొట్టం జరగలేదండీ," అంది. "నైట్రోగ్లిజరిన్ ఇచ్చింది నేను. పనిచెయ్యని వైపుకి నెత్తురు వదిలేశాను."

ఆయన చేతిలోంచి సుద్ద తీసుకుని, అదే రాసి, కింద తన పేరు పెట్టింది.

పేయెవ్ తీరిగ్గా చదివి, కాఫీ ఒక గుక్క తాగాడు.

"కెమెరా తెర నా ముఖానికి ఎదురుగానే ఉంది, అమ్మాయ్. గొట్టం జరగలేదని నేనప్పుడే చూశాను," అన్నాడు. "రేపు ఏడున్నరకి కుడి ఊపిరితిత్తి కేసుంది. నువ్వే రా."