నాలుగు బండ్లు, నాలుగు పచ్చలైట్లు

శనివారం పొద్దున నేను చేయాల్సిన పనులు ఇవి. షెడ్డుల నేల మీద బిగించిన నాలుగు ఛార్జింగ్ ప్యాడ్ల దుమ్ము తుడవాలె. బండ్లను సరిగ్గ వాటి మీదికి తెచ్చి ఆపించాలె. అంగీ ఇస్త్రీ చేసుకోవాలె. జోగిపేటల ఉన్న అమ్మకు ఫోన్ చేసి ప్రార్థన చెయ్యమనాలె. ఫ్యాక్టరీ మేనేజర్ సిల్వియా మేడం వచ్చేసరికి నాలుగు బండ్లకూ పచ్చలైటు వెలిగి ఉండాలె.

మొదటి నాలుగూ అయినయి. ఐదోదే కాలేదు. ఏ బండికి చూసినా ఎర్రలైటే.

నేను పటేల్‌గూడల ఒక చిన్న కంపెనీల ఇంజనీరును. మా ఇంట్ల డిగ్రీ చదివింది నేనే మొదలు. వైరు లేకుండ ఛార్జింగ్ ఎక్కించే ప్యాడ్లు మేం తయారు చేస్తం. బండి వచ్చి ప్యాడు మీద ఆగితే చాలు, ప్లగ్గు పెట్టే పని లేదు. పటాన్‌చెరు దగ్గర ఈ మందుల ఫ్యాక్టరీలనే వాటిని మొదటిసారి పెట్టినం. బండ్లు పేరుకు గోల్ఫ్ కార్టులు. గోల్ఫ్ ఆడేటోడు ఆ ఫ్యాక్టరీల ఒక్కడు లేడు. గేటు కాడి నుంచి బ్లాకులకు మనుషులను మోస్తయి గాబట్టి అందరూ బ్యాటరీ బండ్లంటరు.

నడిపేటోళ్లు నలుగురూ ఆడోళ్లే. వానకాలం తడి చేతులతోని వైర్లు పట్టుడు ప్రమాదమని, ఈ బండ్లు తీసేసి డీజిల్ వ్యాన్లు పెడదామని పెద్దసార్లు అనుకుంటున్నరు. వ్యాన్లొస్తే వాటితోని వేరే డ్రైవర్లొస్తరు. ఈ నలుగురికి పని ఉండదు. వైరు పట్టకుండనే ఛార్జింగ్ ఎక్కుతదని చూపెడితే బండ్లు ఉంటయి. అందుకే ఆ పచ్చలైటు.

"సారూ, అయితదా, కాదా?" ఆ నలుగుర్ల ఒకామె, నిషిత అడిగింది. ఆమెకు ఐదో నెల. ఈ నౌకరి మీదనే కాన్పు ఖర్చు గిట్ట చూసుకుందామనుకున్నది.

"అయితది. జెర ఆగమ్మా."

"మేం ఆగినం, బండి గూడ ఆగింది. కరెంటు ఎక్కుడే లేదు," అని ఇందిరమ్మ నవ్వింది. నలుగుర్ల ఆమెనే పెద్దది.

వైరింగ్ చూసిన. మంచిగనే ఉన్నది. మా ప్యాడుకు ఒక గుణముంది. పైన ఇనుము పడితే వేడెక్కుతదని తనంతట తానే బందైతది. కని దుమ్ము తుడిచినప్పుడు పైన ఏమీ లేదాయె. ఇగ ఇస్త్రీ అంగీతోనే నేల మీద పండుకొని బండి కిందికి చూసిన.

బండి కడుపు కింద ఒక ఇనుప గొలుసు వేలాడుతున్నది. దాని కొస ప్యాడుకు తాకుతున్నది. నాలుగు బండ్లకూ గట్లనే.

"ఇవి ఎవరు కట్టిండ్రు?"

ఆడోళ్లు వంగి గొలుసుల దిక్కు చూసిండ్రు. షెడ్డు చూసుకునే మల్లయ్య మాత్రం పైన రేకుల దిక్కు చూస్తున్నడు. నిషితకు మామ ఆయన, మొగని తండ్రి.

"మామా!" అన్నది నిషిత.

"ఆఁ, నేనే కట్టిన. ఏమాయె?" మల్లయ్య ముందుకొచ్చిండు. "నా ఉమ్రంత కెమికల్ ట్యాంకర్ నడిపిన. ట్యాంకర్‌కు గొలుసు లేకుంటే గేటు లోపలికి రానియ్యరు. బండిల పుట్టిన కరెంటు గొలుసు పట్టుకొని భూమిలకు దిగాలె. నువ్వేమో వైరు లేని కరెంటంటివి. వైరుంటే కరెంటు ఏడున్నదో ఎర్కైతది. ఇది ఏడున్నది? కడుపుతోని ఉన్న పిల్ల దాని మీద కూసుంటది."

నాకు కోపం రావాలె, రాలే. ఆయన జాగల ఎవరున్నా అదే అడుగుతరు.

"పెద్దయ్యా, సీట్ల మనిషి బరువు పడితే కరెంటు రాదు. మనిషి దిగినంకనే మొదలైతది."

"నోటితోని నేను గూడ చెప్త. సూపెట్టు."

గొలుసులు విప్పినం. నిషితను దూరం నిలబెట్టి మల్లయ్యనే సీట్ల కూసున్నడు. పచ్చలైటు వెలగలే. దిగి పక్కకు జరిగిండు. పచ్చలైటు!

ఆడోళ్లు చప్పట్లు కొట్టిండ్రు. మల్లయ్యకు నమ్మకం కుదరలే. మళ్ల ఎక్కిండు, ఆరింది. దిగిండు, వెలిగింది. సగం కూసొని చూసిండు. ప్యాడును మోసం చేద్దామని పిల్లి లెక్క మెల్లగ కూసొని చూసిండు. అది మోసపోలే.

గప్పుడే సిల్వియా మేడం వచ్చింది.

"ఏంది మల్లయ్యా, గుంజీలు తీస్తున్నవ్? ఏం తప్పు చేసినవ్?"

"ప్యాడుకు పరీక్ష పెడుతున్న మేడం," అన్నడు రొప్పుకుంట. "పాసైంది."

మేడం జెర బొద్దుగ ఉంటది. తాను గూడ ఎక్కి కూసున్నది. లైటు టక్కున ఆరింది. "అరె, నన్ను గూడ గుర్తుపట్టిందే!"

"మిమ్మల్ని ఇంక జల్దీ గుర్తుపడతది మేడం," అని ఇందిరమ్మ నాలుక కరుచుకున్నది. అందరికంటె ముందు మేడమే నవ్వింది.

దిగినంక నాలుగు బండ్ల చుట్టూ తిరిగి చూసింది. నాలుగు పచ్చలైట్లు. "వ్యాన్ల ముచ్చట బంద్. పెద్దసార్లకు నేను చెప్త," అన్నది.

నిషిత మామను పక్క సీట్ల కూసోబెట్టుకొని, హారన్ కొట్టుకుంట ఫ్యాక్టరీ అంత ఒక చక్కర్ కొట్టింది. బ్లాకులల్ల ఉన్నోళ్లు పెండ్లి ఊరేగింపు అనుకొని కిటికీల కాడికొచ్చిండ్రు.

ఇప్పుడు మా ప్యాడ్లు శాన ఫ్యాక్టరీలల్ల ఉన్నయి. ఏడికి పోయినా నేను మొదలు వోల్టుల సంగతి చెప్ప. డ్రైవర్లను ఒక్కొక్కరిని ఎక్కించి దింపిస్త, వాళ్లకు నమ్మకం కుదిరేదాక. అది మా కంపెనీ పద్ధతి అనుకుంటరు. కాదు. మీరెప్పుడన్న ఇసొంటి బండి దిగి, ఎన్కకు తిరిగి పచ్చలైటు చూస్తే, కోడలి కోసం రొప్పుకుంట ఎక్కి దిగిన మల్లయ్యను ఒక్కసారి యాది చేసుకోండి.